తల్లి వరుసలో బుడిపెలు

మే 6, బుధవారం

తల్లి వరుసలో మూడో తీగకు బుడిపె కనబడింది. నేలకు జానెడు ఎత్తున, అంటు అతికిన చోట. నిమ్మకాయంత ఉంది. తెల్లగా, మెత్తగా ఉంది. బొటనవేలితో నొక్కితే తడిసిన దూదిలా లోపలికి పోయింది. చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాను.

పక్క వరుసలో కలుపు తీస్తున్నవాళ్ళు చూడలేదు. గడ్డి లాగి కప్పేశాను.

చలి వల్లే. జనవరిలో వారం రోజులు పందిరి తీగల మీద మంచు పేరుకుంది. బెరడు చిట్లింది. చిట్లిన చోట చెట్టు కండ పెంచుకుంటుంది, అరచేతిలో కాయలు కాసినట్టు. అంతే.

మే 7, గురువారం

పొద్దున్నే తల్లి వరుసలోని పద్నాలుగు తీగల చుట్టూ మోకాళ్ళ మీద పాకి చూశాను. మూడింటికి ఉంది. తొమ్మిదోదానికి ఉన్నది బుడిపె కాదు, పాత ముడి. పదకొండోదానిదీ ముడే.

మూడే.

మే 8, శుక్రవారం

బూడిద తెగులుకు గంధకం చల్లే రోజు. ఆయన ట్రాక్టరు ఆపి, "అక్కడ కింద కూచుని ఏం వెతుకుతున్నావ్?" అన్నారు. చెవి కమ్మ పడిపోయిందన్నాను. సరేనన్నట్టు తల ఊపి వెళ్ళిపోయారు. మళ్ళీ అడగలేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఏదీ రెండోసారి అడగని మనిషి. అదొక సుఖం.

ఆ పద్నాలుగు తీగలు లేకపోతే నేనెవరిని? ఎనిమిదేళ్ళ క్రితం ముసలి తీగ ఒకదానికి, అదీ ఒకే ఒక్క కొమ్మకు, గోలీలంత పళ్ళు కాశాయి. వందసార్లు ఆ చెట్టు పక్క నుంచి నడిచినవాళ్ళెవరికీ కనబడలేదు, నాకు కనబడింది. ఆ కొమ్మ కోసి, ముక్కలు చేసి, అంట్లు కట్టి, తల్లి వరుస తయారు చేశాను. దాని కొమ్మలతోనే మా పైమడి, చెల్లి తోట, ఇంకో నలుగురి తోటలు లేచాయి. అందరూ 'అక్క ద్రాక్ష' అంటారు. ఆ పేరు నేను పెట్టలేదు. పెట్టలేదనే అందరికీ చెబుతాను.

మే 11, సోమవారం

సీసాల మేడమ్ వచ్చింది. తెగుళ్ళ డాక్టరు. ఎప్పుడు చూసినా సంచి నిండా చిన్న చిన్న సీసాలు, అందుకే ఆ పేరు. నేను పిలిచింది పైమడిలో ఆకులు ఎర్రబడుతున్నాయని. ఆవిడ ఆకుల వంక చూడనైనా చూడలేదు. సరాసరి మొదలు దగ్గర కూచుని మట్టి తవ్వి బుడిపె బయటపెట్టింది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"ఇలాంటిది ఇదే చూడ్డం." అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో.

"క్రౌన్ గాల్‌లా ఉంది. బుడిపె తెగులు. పరీక్ష చేస్తేగానీ ఖాయంగా చెప్పను."

"చలికి బెరడు చిట్లింది మేడమ్. అందువల్లే కదా?"

"చలికి బయటపడిందంతే. ఆ బ్యాక్టీరియా చెట్టు లోపల ఏళ్ళ తరబడి చప్పుడు చెయ్యకుండా ఉంటుంది. గాయమైతే బుడిపె కడుతుంది."

"మందేం కొట్టాలి?"

ఆవిడ చేతులు దులుపుకుంది. "మందు లేదు."

"చెక్కేస్తే?"

"బుడిపె పోతుంది. తెగులు పోదు. పైగా చెక్కిన కత్తితో ఇంకో చెట్టును ముట్టుకుంటే దానికీ అంటిస్తాం."

తల్లి వరుస చూపించమంది. చూపించాను. గడ్డి తీసేసి మూడూ చూసింది. తొమ్మిదోదాన్నీ పదకొండోదాన్నీ కూడా చూసి ఏదో రాసుకుంది. ముడి అని చెప్పబోయి ఊరుకున్నాను. ఏ మచ్చా లేని తీగల నుంచి కూడా కొమ్మ ముక్కలు కోసి సీసాల్లో వేసుకుంది.

"అవి బానే ఉన్నాయిగా?"

"బానే ఉన్నవాటి సంగతే తెలియాలి నాకు."

మే 12, మంగళవారం

కత్తెర బాబాయ్‌ని అడిగేశాను. అడగాల్సిందే. ఇరవై ఆరేళ్ళుగా మా తోటలో కత్తిరింపులన్నీ ఆయన చేతి మీదే. నాకు అంటు కట్టడం నేర్పిందీ ఆయనే. అయితే మాత్రం?

టీ వేళ పనివాళ్ళంతా షెడ్డు దగ్గర ఉన్నారు.

"బాబాయ్, నువ్వు కత్తెర మందునీళ్ళలో ముంచకుండా వరస నుంచి వరసకి పోతున్నావా?"

టీ గ్లాసు కింద పెట్టాడు. "ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? తల్లి వరసకి తెగులొచ్చింది. కత్తెర వల్లే వస్తుందట. కత్తెర పట్టేది నువ్వేగా?"

బాబాయ్ నన్ను చూసిన చూపు కోపం కాదు. దారిలో ఎదురైన కొత్త మనిషి ముఖంలో తెలిసిన పోలికలు వెతికినట్టు చూశాడు. నడుముకు కట్టుకున్న తోలుసంచి విప్పి, నా కత్తెర, నా అంటుకత్తి బల్ల మీద పెట్టి, ఖాళీ సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన కాకపోతే ఇంకెవరు?

మే 13, బుధవారం

బాబాయ్ రాలేదు.

మే 14, గురువారం

రాలేదు. మంచిదే.

మే 17, ఆదివారం

కాలం కాని కాలంలో వాన. పండబోతున్న గుత్తుల్లో పళ్ళు పగిలాయి. ఇంకే ఏడాదైనా గుండెలు బాదుకునేదాన్ని. ఈసారి వరండాలో నిలబడి వానను చూస్తూ ఉండిపోయాను. పగిలిన పండు కనీసం కళ్ళకు కనబడుతుంది.

మే 20, బుధవారం

పద్నాలుగుకు పద్నాలుగు.

మేడమ్ ఫోన్ చేసినప్పుడు బట్టలు ఆరేస్తున్నాను. "పద్నాలుగింటిలోనూ ఉంది. బుడిపెలు లేనివాటిలో కూడా. మీ పైమడి నుంచి తీసిన పదిలో తొమ్మిదింట్లో ఉంది" అంది. నేను "సరే మేడమ్, థాంక్యూ" అన్నాను. పెళ్ళికి పిలిచినట్టు థాంక్యూ చెప్పాను! ఫోన్ పెట్టేశాక మిగిలిన బట్టలన్నీ ఆరేశాను, ఒక్కో క్లిప్పూ సరిగ్గా పెట్టి. తర్వాత తడి నేల మీదే కూలబడ్డాను.

పద్నాలుగు.

ఇంకో మాట కూడా అంది. "ఆ కొమ్మలు ఎవరెవరికి ఇచ్చారో, మొదటి బుడిపె ఎప్పుడు కనబడిందో నాకు కావాలి. పాతవి ఏమైనా రాసుకున్నారా?"

రాసుకోకపోవడమేమిటి? పెళ్ళైన ఏడాది నుంచీ రాస్తూనే ఉన్నాను.

మే 21, గురువారం

ఇనుప బీరువాలోంచి పాత డైరీలు తీశాను. చెల్లికి కొమ్మలు ఏ తేదీన ఇచ్చానో చూద్దామని మూడేళ్ళ క్రితంది తెరిచాను. ఫిబ్రవరి పద్దెనిమిది. నా దస్తూరీయే. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దించుతున్నాను:

"తల్లి వరుసలో రెండు మొదళ్ళకు బుడిపెలున్నాయని బాబాయ్ తీసుకెళ్ళి చూపించాడు. అదోలా ఉన్నాయమ్మాయ్, ఎవరికైనా చూపిద్దామన్నాడు. వయసు మీద పడేకొద్దీ ఈయనకు చాదస్తం ఎక్కువవుతోంది. చెక్కేసి పని చూసుకోమన్నాను. రేపు చెల్లికి కొమ్మలు కొయ్యాలి. నా అంటుకత్తి బాబాయ్ దగ్గరే ఉంది, తీసుకోవాలి."

మర్నాటి పేజీ: "ఏడు వందల కొమ్మలు కోశాను. చేతులు పడిపోయాయి. చెల్లి ఎంత సంబరపడిందో!"

పది సార్లు చదివాను. ఇంకెవరో రాసి నా బీరువాలో పెట్టారేమోనని అక్షరాలు పట్టి పట్టి చూశాను. 'చ'కు నేను పెట్టే వంకరే. ఒక్క ముక్క కూడా గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదు.

గుర్తు లేదా?

బుడిపెలు చెక్కిన కత్తి. అదే కత్తి. ఏడు వందలు.

మే 22, శుక్రవారం

ఏమీ రాయలేను.

మే 23, శనివారం

బాబాయ్ ఇంటికి వెళ్ళాను. వీధి చివర రెండు గదుల ఇల్లు, ముందు సిమెంటు అరుగు. అరుగు మీద కూచుని ఎవరివో కత్తెరలు సాన పెడుతున్నాడు. లేవలేదు. రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను గుమ్మం దగ్గరే నిలబడి డైరీలో ఉన్నది చదివి వినిపించాను. 'చాదస్తం' అన్న మాట కూడా వదలకుండా చదివాను.

"నాకు గుర్తుంది" అన్నాడు.

"మరి ఆ రోజు షెడ్డు దగ్గర ఎందుకు చెప్పలేదు బాబాయ్? అందరి ముందూ అన్నానే!"

"ఏమని చెప్పను? అమ్మాయి చెక్కమంది, నేను చెక్కానని చెప్పనా? అప్పుడు నీ పరువేం కాను?" సానరాయి మీద నీళ్ళు చల్లుకున్నాడు. "నా తప్పూ ఉంది. ఇది మామూలు బుడిపె కాదని చేతికి తెలుస్తూనే ఉంది. గట్టిగా అనాల్సింది. రెండోసారి చెప్తే విసుక్కుంటావని ఊరుకున్నా."

"తప్పయింది బాబాయ్. క్షమించు."

కత్తెర తిప్పి రెండో అంచు రాయి మీద పెట్టాడు.

"అమ్మాయ్, నింద నలుగురి ముందు వేశావు. క్షమించమని గుమ్మంలో చెప్తున్నావు."

తలుపు తీసి ఉంది. లోపల పిన్ని గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అక్కడి నుంచి వచ్చేశాను.

మే 24, ఆదివారం

చెల్లి తోటకు వెళ్ళే దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగాను.

చెల్లి పురికొసతో లేత తీగల్ని పందిరి మీదకు కడుతోంది. ఆరు వందల నలభై మొక్కలు. వచ్చేది తొలి కాపు. నన్ను చూడగానే, "అక్కా, సరిగ్గా టైముకి వచ్చావ్, ఆ కొస పట్టుకో" అంది. పట్టుకున్నాను. నాలుగు మొక్కలు కట్టేదాకా పట్టుకునే ఉన్నాను. అయిదో మొక్క దగ్గర చెప్పాను.

నవ్వింది. "పో అక్కా. నా వాటికేం లేదు. చూడు కావాలంటే." మోకాలి మీద కూచుని, దగ్గర్లో ఉన్న మొక్క మొదట్లో మట్టి చేత్తో తీసింది. ఏమీ లేదు. "చూశావా?" ఇంకొంచెం తీసింది. వేళ్ళు ఆగిపోయాయి.

శనగగింజంత బుడిపె. దాని పక్కన ఇంకోటి.

చెల్లి లేచి రెండో మొక్క దగ్గర తవ్వింది. మూడోది వదిలేసి నాలుగోది తవ్వింది. చేతులతోనే, గోళ్ళలో మట్టి ఇరుక్కుంటున్నా ఆగకుండా. నేను ఆపబోతే మోచేత్తో తోసేసింది. పదో పన్నెండో తవ్వాక నేల మీద చతికిలబడింది.

"కొమ్మలు తీసుకునేటప్పుడు నిన్నో మాట అడిగాను. గుర్తుందా?"

"గుర్తుంది."

"ఏమడిగాను?"

"అన్నీ మంచివేనా అక్కా అని."

"నువ్వేమన్నావ్?"

చెప్పక తప్పలేదు. "నన్నే అనుమానిస్తున్నావా అన్నాను."

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. రెంటికీ సిద్ధపడే వెళ్ళాను. చెల్లి పురికొస ఉండ చుట్టుకుంటూ అడిగింది, "నీ తోటలో ఎన్ని పీకావు?"

"ఇంకా... ఒక్కటీ పీకలేదు."

నా వంక చూసింది. చిన్నప్పుడు నా వెనక తిరిగిన పిల్ల చూపు కాదది.

"అక్కవి నువ్వు. అది ఎక్కడికీ పోదు. మొక్కలు మాత్రం ఇంక జన్మలో నీ దగ్గర తీసుకోను. ఇంటికెళ్ళు. మా ఆయనకి నేను చెప్పుకుంటాను."

మే 26, మంగళవారం

చెల్లి తోట పీకేశారు. నాకు చెప్పలేదు. ట్రాక్టరు తోలిన మనిషి చెప్పాడు. ఆరు వందల నలభై, రెండు రోజుల్లో.

ఇంటికొచ్చి మా ఆయనతో అంతా చెప్పాను. డైరీ సంగతి కూడా. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "అలాగా" అన్నారు. అంతే. కంచం ముందు నుంచి లేచి వెళ్ళి ట్రాక్టరు తుడుస్తూ కూచున్నారు. తుడవడానికి దాని మీద ఏముందో మరి.

జూన్ 1, సోమవారం

కొమ్మలు తీసుకున్న నలుగురి ఇళ్ళకూ వెళ్ళొచ్చాను. ఒకాయన తలుపు వేసేశాడు. ఒకాయన టీ ఇచ్చి, పక్కింటి కుక్క సంగతి, ఎండల సంగతి, అన్నీ మాట్లాడాడుగానీ దీని సంగతి మాట్లాడనివ్వలేదు. మూడో ఇంట్లో ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, "ఎవరికీ చెప్పొద్దక్కా, మీకు దండం పెడతాను. తెలిస్తే మా పళ్ళు ఎవరూ కొనరు" అంది. తిట్టించుకుందామని వెళ్ళిన మనిషికి దండం పెట్టింది. నాలుగో ఇల్లు తాళం వేసి ఉంది.

జూన్ 7, ఆదివారం

జరిగింది వరసగా రాయాలి.

ఉదయం పదింటికి రైతు సంఘం గదిలో మీటింగు. నేనే పెట్టించాను. మేడమ్ వస్తానంది. రేకుల కప్పు, ఇనుప కుర్చీలు, గోడకు ఎప్పుడో ఆగిపోయిన గడియారం. ఇరవై ఎనిమిది మంది వచ్చారు. బాబాయ్ వస్తాడో రాడో అనుకున్నాను. వచ్చి కిటికీ పక్కన కూచున్నాడు. చెల్లి రాలేదు. మా ఆయన చివరి వరసలో కూచున్నారు.

పైమడిలో కోసిన బుడిపె ఒకటి పేపర్లో చుట్టి తీసుకెళ్ళాను. బల్ల మీద విప్పి పెట్టాను.

"ఇది నా తోటలోది. మూడేళ్ళ క్రితం బాబాయ్ చూపించి, ఎవరికైనా చూపిద్దామన్నాడు. నేను చెక్కేయమన్నాను. చెక్కిన కత్తితోనే కొమ్మలు కోసి మీలో కొందరికి ఇచ్చాను. పోయిన నెల ఆ నింద బాబాయ్ మీద వేశాను, పనివాళ్ళందరి ముందూ. తప్పు ఆయనది కాదు. నాది."

అనుకున్నదానికంటే చిన్నగా అయిపోయింది. రాత్రంతా కూర్చుకున్న మాటల్లో సగం మర్చిపోయాను. బాబాయ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. గడ్డం కదిలింది, అంతే.

రాళ్ళు పడతాయనుకున్నాను. మేడమ్ లేచింది.

"నేనొకటి అడుగుతాను. పేర్లు రాసుకోను, ఎవరికీ చెప్పను. ఇలాంటి బుడిపె మీ తోటలో చూసి, ఎవరికీ చెప్పకుండా ఉన్నవాళ్ళు ఎంతమంది?"

ఎవరూ కదల్లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే మనుషులు, ఒక్కరూ భుజం తాకలేదు. తర్వాత ముందు వరసలో ముసలాయన, సంఘంలో అందరికంటే పెద్ద తోట ఆయనదే, చెయ్యెత్తాడు. "ఆరేళ్ళయింది" అన్నాడు. ఆయన పక్కనున్నవాడు నోరు తెరిచి ఆయన్ని చూశాడు, చూస్తూనే తన చెయ్యీ ఎత్తాడు. నన్ను చూసి తలుపు వేసేసినాయన ఎత్తాడు. చేతులు పట్టుకున్నావిడ కళ్ళు మూసుకుని ఎత్తింది. అక్క ద్రాక్ష ఎన్నడూ నాటనివాళ్ళు కూడా ఎత్తారు! లెక్కపెట్టాను. పదిహేడు. ఒకళ్ళ దగ్గర ఒకళ్ళం కొమ్మలు తీసుకుంటూ, ఒకళ్ళకొకళ్ళం కత్తెరలు ఎరువిచ్చుకుంటూ, పదిహేడు మందిమి పదిహేడు తోటల్లో గడ్డి కప్పుకుంటూ బతికాం.

మేడమ్ "పద్దెనిమిది" అంది.

వెనక్కి తిరిగాను. చివరి వరసలో ఆయన చెయ్యి లేచి ఉంది.

మొదట నవ్వొచ్చింది, నిజంగా. పొరపాటున ఎత్తారనుకున్నాను. నా తోటే ఆయన తోట కదా, నాతో పాటు ఎత్తారనుకున్నాను. కానీ ఆయన నన్ను చూడటం లేదు. నేల చూస్తున్నారు. ఆ చెయ్యి నా కోసం ఎత్తింది కాదు.

ఇంటికొచ్చే దారిలో వంతెన దాటాక అడిగాను.

"ఎప్పుడు చూశారు?"

"మూడేళ్ళయింది. కలుపు యంత్రం తగిలి తల్లి వరసలో ఒకదానికి బెరడు లేచిపోయింది. అక్కడ చూశాను."

"చూసి?"

"మట్టి ఎగదోశాను. కనబడకుండా."

"మీ మరదలికి కొమ్మలు కొయ్యకముందా? కోశాకా?"

స్టీరింగు మీద చేతులు బిగిశాయి. "ముందే."

ఆరు వందల నలభై మొక్కలు. నేను డైరీలో రాసి మర్చిపోయాను. ఈయన మర్చిపోనైనా లేదు. మూడేళ్ళు నా పక్కన పడుకుని, నా ఎదురుగా భోజనం చేసి, తోట ఎలా ఉందని చెల్లినే అడుగుతూ ఉన్నారు.

"ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"చెప్తే ఏం చేసేదానివి?"

ఆయన దెప్పిపొడవలేదు, నిజంగానే అడిగారు. చెక్కేయమనేదాన్ని. చాదస్తమనేదాన్ని. డైరీలో ఇంకో రెండు వాక్యాలు రాసుకుని, మర్నాడు ఏడు వందల కొమ్మలూ కోసేదాన్ని.

ఏదీ రెండోసారి అడగని మనిషని మురిసిపోయాను. అడగకుండా ఉండటం నేనే నేర్పానేమో.

జూన్ 8, సోమవారం

తెల్లారేసరికి తల్లి వరుస దగ్గరున్నాను. ఆయన గునపాలు తెచ్చారు. పిలవకుండానే బాబాయ్ వచ్చాడు. "మీ పనికి రాలేదమ్మాయ్. వేళ్ళు మిగల్చకుండా పీకుతారో లేదో చూడ్డానికి వచ్చా" అన్నాడు. ఒక్కో గొయ్యిలో చెయ్యి పెట్టి తడిమి, తెగిన వేరు కనబడితే మళ్ళీ తవ్వించాడు. ఏరిన వేళ్ళన్నీ తీగలతో పాటు కుప్ప వేయించాడు, తగలబెట్టడానికి. ఈ నేలలో మూడేళ్ళు, ఈ తెగులు అంటని మొక్కజొన్న తప్ప ఇంకేం వెయ్యొద్దని మేడమ్ చెప్పింది.

ఒక్కో తీగా ఊడేటప్పుడు చప్పుడవుతుంది, లోపల్నుంచి. నేనెప్పుడూ వినలేదు, నాటడమే తప్ప పీకింది లేదు కదా. పద్నాలుగూ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. బాబాయ్ చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. రేపు పైమడి మొదలుపెట్టాలి. అది కూడా పోతే మాకు మిగిలేది బావి పక్క మడి ఒక్కటే. అందులో వేరే రకం. దాని మీదే ఇక ఇల్లు గడవాలి.

ఆయన గట్టు మీద కూచుని నీళ్ళడిగారు. ఇచ్చాను. సగం తాగి చెంబు కింద పెట్టారు.

"బావి పక్క మడిలో కూడా ఉంది" అన్నారు. "ఆరు తీగలకి. పోయినేడాది చూశాను. అక్కడా మట్టి ఎగదోసింది నేనే."

ఎండలో నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే ఉండిపోయాను. అరవాలనిపించింది. కూచుని ఏడవాలనిపించింది. ఆయన తలెత్తి నా ముఖం వంకే చూస్తున్నారు, నేనేమంటానోనని. ఈసారి చూపు దించుకోలేదు.

"ఏ వరస?" అన్నాను.

"రా, చూపిస్తా."

గునపం భుజాన వేసుకుని ఆయన వెనకే నడిచాను.